బంతి నేర్పిన బడిపంతులు

ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో హైదరాబాదు నగరం ఫుట్‌బాల్ క్రీడకు పుట్టినిల్లు వంటిది. సికింద్రాబాదు దండు ప్రదేశంలో ఆంగ్లేయ సైనికులు సాయంవేళల్లో ఆడుకునే ఆటను మైదానం అంచున నిలబడి చూసిన స్థానిక బాలురు, దానిని తమ బస్తీలకూ గల్లీలకూ తీసుకుపోయారు. ఆ ఆటకు కావలసిన సామగ్రి స్వల్పం. ఒక బంతి, నాలుగు రాళ్లు, కొంత ఖాళీ స్థలం ఉంటే చాలు. అందువల్ల అది సంపన్నుల సొత్తు కాకుండా సామాన్యుల ఇళ్లలో పెరిగింది. ఆ సామాన్యుల పిల్లలనే చేరదీసి, వారి చేత ఆసియా ఖండాన్ని గెలిపించిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాలోకం ఆయనను రహీం సాబ్ అని గౌరవంగా పిలుచుకుంది. వృత్తిరీత్యా ఆయన బడిపంతులు.

రహీం 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించాడు. అది నిజాం ప్రభువుల పాలనాకాలం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలోనే విశ్వవిద్యాలయ జట్టులో ఆడి మంచి ఆటగాడుగా పేరు గడించాడు. తరువాత నగరంలో ప్రసిద్ధమైన ఖమర్ క్లబ్బు పక్షాన ఆడాడు. ఆటతో పాటు ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించాడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన పనిచేసిన విద్యాలయాలు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలలో క్రీడల బాధ్యత కూడా తానే తీసుకున్నాడు. తరగతి గదిలో బోధించే పంతులూ, మైదానంలో ఈల పట్టుకునే డ్రిల్లు మాస్టరూ ఒకే మనిషి కావడం ఆయన జీవితంలో కీలకమైన విషయం. ఆయన తరువాతి కాలంలో సాధించిన విజయాలన్నింటికీ మూలాలు ఆ బడి మైదానంలోనే ఉన్నాయి.

బడి మైదానంలో జరిగే ఆటను నిదానంగా గమనించిన వారికి ఒక సంగతి బోధపడుతుంది. ఇరవై ఇద్దరు బాలురు బరిలో ఉన్నా, ఆట మాత్రం నలుగురైదుగురి మధ్యనే సాగుతుంది. వయస్సుకు మించి ఎదిగినవాడు, వేగంగా పరుగెత్తేవాడు, బంతి తెచ్చినవాడు ఆటను తమ చేతుల్లోకి తీసుకుంటారు. బంతి ఒకసారి వారి కాలికి చిక్కితే వదలరు. పొట్టివాడు, బక్కపలచనివాడు, కొత్తగా చేరినవాడు చివరిదాకా ఎదురుచూపులతోనే పొద్దు పుచ్చుతారు. హద్దు దాటిన బంతిని తెచ్చి ఇవ్వడమే వారి వంతు. జట్లు పంచుకునేటప్పుడు అందరికంటె చివర మిగిలిపోయే బాలుని మనస్సులో కలిగే చిన్నతనం పెద్దలకు అంతగా తెలియదు. అటువంటివాడు రెండు మూడు వారాలు చూసి, మైదానానికి రావడమే మానుకుంటాడు. వానిలో ఎంతటి ఆటగాడు దాగి ఉన్నాడో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఈ స్థితికి రహీం కనిపెట్టిన ఉపాయాలు సరళమైనవి, కాని విలక్షణమైనవి. వాటిలో మొదటిది డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు. డ్రిబ్లింగ్ అంటే బంతిని ఇతరులకు అందించకుండా, తన పాదాల నడుమనే తిప్పుకుంటూ ప్రత్యర్థులను తప్పించుకుని ముందుకు సాగడం. చూసేవారికి అది కన్నుల పండువ. చప్పట్లన్నీ దానికే. ఆ విద్యను పూర్తిగా పక్కన పెట్టించి, బంతి అందిన వెంటనే సహచరునికి అందించి తీరాలన్న నియమంతో రహీం కుర్రాళ్లకు టోర్నమెంట్లు నిర్వహించాడు. తక్షణమే బంతిని అందించడం, అందుకునేవాడు ఖాళీ స్థలంలోకి చేరి సిద్ధంగా ఉండడం, తల ఎత్తి మైదానమంతటినీ చూడడం అలవాటు కావాలన్నది దాని ఉద్దేశం. హైదరాబాదు జట్ల ఆటకు దేశమంతటా పేరు తెచ్చిన శీఘ్రమైన పాసుల పద్ధతి అలా రూపుదిద్దుకుంది.

అయితే ఆ నియమం వల్ల కలిగిన మరొక ఫలితాన్ని కూడా చెప్పుకోవాలి. బంతిని దాచుకునే వీలు లేనప్పుడు అది అందరి దగ్గరికీ వెళ్లక తప్పదు. బలవంతుడు తన బలాన్ని ఒంటరిగా ప్రదర్శించలేడు. పక్కవాడు ఎంత బలహీనుడైనా వానికి బంతి ఇవ్వవలసిందే. ఆ బలహీనుడు ఇంతవరకు రోజుకు రెండుసార్లు కూడా బంతిని తాకనివాడు, ఇప్పుడు ఇరవైసార్లు తాకుతాడు. ఇరవైసార్లు తాకినవాడు నేర్చుకోకుండా ఎలా ఉంటాడు? పెద్దవాడికి కూడా దీనిలో లాభమే ఉంది. తన పక్కనున్నవాడు బాగా ఆడకపోతే తానూ గెలవలేనని గ్రహించినప్పుడు, వాణ్ణి పరిహసించడం మాని వానికి నేర్పడం మొదలుపెడతాడు. ఇంత చిన్న నిబంధన అంత పెద్ద నీతిబోధ కంటె ఎక్కువ పని చేస్తుంది.

రెండవ ఉపాయం బలహీన పాదంతో ఆడే పోటీలు. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనే బంతిని తన్నాలి. ఎడమకాలి వాటం వారు కుడికాలితో తన్నాలి. నిన్నటివరకు మైదానాన్ని ఏలినవాడు హఠాత్తుగా తడబడి, బంతిని ఎక్కడికో తన్ని నవ్వులపాలవుతాడు. నిన్న చేరినవాడికీ వానికీ మధ్య ఉన్న దూరం ఒక్కసారిగా తగ్గిపోతుంది. రెండు పాదాలనూ సమంగా ఉపయోగించగల ఆటగాళ్లను తయారుచేయడమే దీని ప్రయోజనం. కాని ఆరితేరినవాడు కూడా కొంతసేపు అక్షరాలు దిద్దుకునే బాలుడుగా మారడంలో ఒక సమత్వం ఉంది. మహాభారతంలోని ద్రోణుడు ఒక శిష్యుని ఆధిక్యాన్ని నిలబెట్టడానికి మరొక బాలుని బొటనవేలు కోరాడు. రహీం తన శిష్యులలో దిట్టలైన వారి బలమైన పాదాన్ని కాసేపు పక్కన పెట్టించి, అందరినీ ఒకే వరుసలో నిలబెట్టాడు. ఈ రెండు గురుత్వాలకూ గల తారతమ్యం విద్యార్థులు ఆలోచించదగినది.

రహీం ప్రతిభ బడి గోడలు దాటడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. జీవితాంతం ఆ బాధ్యతలోనే కొనసాగాడు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్లు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరాల్లో సాధించింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరిట మరొకసారి దానిలో విజేత అయింది. 1956, 1957లలో హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. కలకత్తా క్లబ్బులకు తప్ప ఇతరులకు ఫుట్‌బాల్ రాదన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. దక్కనుకు చెందిన పోలీసు ఉద్యోగుల జట్టు ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, అహమ్మద్ హుసేన్, జుల్ఫికర్ వంటి హైదరాబాదీలు దేశం పక్షాన ఒలింపిక్ క్రీడల్లో పాల్గొన్నారు.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టు రహీం శిక్షణలో స్వర్ణ పతకం పొందింది. తుది పోరులో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్ ఓడిపోయింది. ఆ సంతోషం చల్లారకముందే, 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడల్లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10–1 తేడాతో ఘోరంగా పరాజయం పాలైంది. మన ఆటగాళ్లలో పలువురు ఆనాటికీ వట్టి కాళ్లతోనే ఆడేవారు. ఉత్తరదేశపు చలిలో, తడి నేల మీద, బూట్లు తొడిగిన ప్రత్యర్థుల ముందు వారు నిలువలేకపోయారు. ఆ ఓటమి తరువాత మన దేశంలో బూట్లు ధరించడం తప్పనిసరి అయింది.

నియమం మంచిదే. పాదాలకు రక్షణ కావాలి, ప్రపంచంతో సమానంగా ఆడాలి. కాని బూట్లు కొనగలిగిన వారెందరు? దినసరి కూలితో గడిచే కుటుంబంలోని కుర్రవాడికి ఒక జత బూట్లు మైదానానికి అడ్డంగా కట్టిన గోడ వంటివి. అంతవరకు ఏ ఖర్చూ లేకుండా ఆడుకున్నవాడు ఇప్పుడు బయట నిలబడి చూడవలసి వస్తుంది. సమానత్వం కోసం చేసిన నియమమే కొందరిని వెలి వేయగలదు. దానిని ఎవరో ఒకరు దయతో పూడ్చవలసి ఉంటుంది. తులసీదాస్ బలరాం కథ ఇందుకు నిదర్శనం.

బలరాం సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడ గ్రామంలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కావాలని తల్లిని బతిమాలి రెండు రూపాయలు తీసుకుని, పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో ఒక జత కుట్టించుకున్నాడు. వాటితోనే ఆడుతుండగా రహీం కంటపడ్డాడు. సంతోష్ ట్రోఫీ కోసం హైదరాబాదు జట్టు ఎంపికకు రమ్మని రహీం ఆ యువకుణ్ణి ఆహ్వానించాడు. వేరొకరైతే ఆ పిలుపుకు ఎగిరి గంతులు వేసేవారు. బలరాం మాత్రం ఆలోచనలో పడ్డాడు. అమ్ముగూడ నుంచి నగరానికి ప్రతిదినం రావడానికి, పోవడానికి అతని వద్ద డబ్బు లేదు. ఆ సంగతి తెలిసిన రహీం, రోజూ ఒక సైకిలు అద్దెకు తీసుకోమని తన వంతుగా దినానికి ఒక రూపాయి చొప్పున ఇచ్చాడు.

ఈ రూపాయి గురించి కొంత ఆలోచించాలి. రహీం ఆ యువకునికి జట్టులో స్థానం దానంగా ఇవ్వలేదు. స్థానం అతడు తన ఆటతోనే సంపాదించుకోవాలి. ఆ పరీక్షకు హాజరు కావడానికి అడ్డుగా ఉన్న దూరాన్ని మాత్రం తొలగించాడు. అవకాశం అందరికీ సమానమే అని ప్రకటించి ఊరుకున్న శిక్షకులు ఎందరో ఉంటారు. తలుపు తెరిచే ఉంది కదా, రానివారిదే తప్పు అని వారు అనుకుంటారు. తెరిచిన తలుపు దాకా నడిచి రాలేనివాని గురించి ఆలోచించినవాడు రహీం. 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో బలరాం ఆడాడు. ఆ సంవత్సరం ముగియకముందే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నాడు. అద్దె సైకిలు మీద మొదలైన ప్రయాణం అంత దూరం సాగింది.

మెల్‌బోర్న్‌లో భారత జట్టు సాధించినది సామాన్యమైన విజయం కాదు. క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ ఘనత పొందిన తొలి ఆసియా ఆటగాడయ్యాడు. సెమీ ఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే అయినా, చివరకు 4–1 తేడాతో ఓటమి తప్పలేదు. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా గెలిచింది. నాలుగవ స్థానం దక్కింది. నాలుగేళ్ల కిందట పది గోళ్లు సమర్పించుకున్న దేశం ఈ స్థాయికి చేరడం వెనుక రహీం నేర్పిన కొత్త వ్యూహాలూ, వాటికంటె ముఖ్యంగా పాసుల మీద ఆధారపడిన ఆటా ఉన్నాయి.

1960 రోమ్ ఒలింపిక్ క్రీడల్లో హంగరీ చేతిలో 2–1తో, పెరూ చేతిలో 3–1తో ఓడినా, ఫ్రాన్స్‌ను 1–1తో నిలువరించిన భారత జట్టు అందరి మెప్పు పొందింది. ఆ జట్టుకు ఎంపికైన వారిలో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. తండ్రి శిక్షకుడు, కుమారుడు ఆటగాడు. అనుమానించడానికి లోకానికి ఇంతకంటె ఏం కావాలి? అయితే రోమ్‌లో జరిగిన మూడు పోటీల్లో ఒక్కదానిలోనూ హకీం బరిలోకి దిగలేదు. కన్నకొడుకు బల్ల మీద కూర్చుని ఉండగా ఇతరుల బిడ్డలను ఆడించిన తండ్రి మనస్సు ఎటువంటిదో ఊహించవలసిందే. హకీం తరువాత భారత వాయుసేనలో పనిచేసి, అంతర్జాతీయ రిఫరీగా కూడా కీర్తి గడించి, 2021లో మరణించాడు.

అప్పటికే రహీం ఆరోగ్యం క్షీణిస్తూ ఉంది. విపరీతంగా సిగరెట్లు తాగే అలవాటు ఆయనను ఊపిరితిత్తుల కేన్సర్‌కు గురిచేసింది. ఇంతటి వివేకి తన శరీరం విషయంలో అంత అజాగ్రత్తగా ఉండడం విచారకరం. ఆ వ్యాధితోనే ఆయన 1962లో జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకువెళ్లాడు.

జకార్తాలో పరిస్థితులు ఏమాత్రం అనుకూలంగా లేవు. ఇజ్రాయిల్, తైవాన్ దేశాల క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి జి. డి. సోంధీ ఆక్షేపించాడు. దానితో స్థానిక ప్రజల ఆగ్రహం మన దేశం మీదికి మళ్లింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఎవరినో మినహాయించడం తగదని అన్నందుకు వచ్చిన ఆ కోపాన్ని, దానితో ఏ సంబంధమూ లేని ఆటగాళ్లు భరించవలసి వచ్చింది. మైదానంలో అడుగుపెడితే చాలు, వేలాది కంఠాలు వారిని గేలి చేసేవి. మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. ఆపైన థాయిలాండ్ మీద 4–1తో, జపాన్ మీద 2–0తో గెలుపు. థాయిలాండ్‌తో ఆడిన పోటీలో రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి.

ఇక్కడ రహీం చేసిన నిర్ణయం ఆయన శిక్షణ స్వభావాన్ని తెలుపుతుంది. గాయపడినవాణ్ణి ఇంటికి పంపలేదు. రక్షణ స్థానంలో పదేపదే తలతో బంతిని ఆపడం జర్నైల్‌కు కష్టమని గ్రహించి, అతణ్ణి ముందు వరుసలోకి మార్చి గోళ్లు చేసే పని అప్పగించాడు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3–2 తేడాతో గెలిచినప్పుడు జర్నైల్ గోలు చేశాడు. బలహీన పాదంతో ఆడించిన గురువుకు, ఒక స్థానంలో నిలువలేనివాడు మరొక స్థానంలో నిలువగలడని తెలుసు.

ఫైనల్‌కు ముందు రాత్రి రహీం తన ఆటగాళ్లను పిలిచి, ఎక్కువ మాటలు లేకుండా, రేపటి స్వర్ణాన్ని తనకు కానుకగా ఇమ్మని అడిగాడని ఆ జట్టువారు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. సెప్టెంబరు 4వ తేదీన సెనాయన్ మైదానంలో సుమారు లక్షమంది ప్రేక్షకుల ఎదుట పోటీ జరిగింది. ఆ జనసముద్రంలో మన జట్టును ఉత్సాహపరచినవారు పాకిస్తాన్ హాకీ క్రీడాకారులు. అది క్రీడాచరిత్రలో మరువరాని ముచ్చట. జ్వరం నుంచి కోలుకున్న హైదరాబాదీ పీటర్ తంగరాజ్ గోలు ముందు నిలిచాడు. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ, 20వ నిమిషంలో తలకు కట్టుతో జర్నైల్ సింగ్ గోళ్లు చేశారు. చివరి ఘడియల్లో కొరియా ఒక గోలు చేసినా, భారత్ 2–1 తేడాతో విజేత అయింది. బెంగాల్ బాబులు, పంజాబు నుంచి వచ్చిన సిక్కు యువకుడు, గోవా మూలాలున్న క్రైస్తవుడు, కేరళీయుడు, సికింద్రాబాదు కుర్రవాళ్లు కలిసి సాధించిన విజయమది. నాయకుడు చునీ గోస్వామి. అమ్ముగూడ బలరాం కూడా ఆ జట్టులో ఉన్నాడు.

జకార్తా నుంచి తిరిగి వచ్చిన తరువాత రహీం ఎక్కువ కాలం జీవించలేదు. 1963 జూన్ 11వ తేదీన హైదరాబాదులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. అదే ఏడాది బలరాం కూడా ఊపిరితిత్తుల వ్యాధి వల్ల ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చింది. ఆయన 2023లో కలకత్తాలో మరణించాడు. రహీం జీవితం ఆధారంగా 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదలైంది. చిత్రాలకు జకార్తా విజయాలు అవసరం కనుక అది వాటి చుట్టూ తిరగడం సహజం. చాదర్‌ఘాట్ బడి పిల్లలకు తెర మీద అంత చోటు దొరకదు.

ఇరవై ఏళ్ల తరువాత, 1982లో, ఢిల్లీలో మళ్లీ ఆసియా క్రీడలు జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టుకు అప్పుడు శిక్షకుడు జకార్తాలో మొదటి గోలు చేసిన పి. కె. బెనర్జీ. సహాయ శిక్షకుడు రోమ్‌లో బల్ల మీద కూర్చున్న హకీం.